మధ్య గొంతు ఎవరికీ వినపడదు, కానీ అది ఆగితే పాటే ఆగిపోతుంది: స్వింగ్ పాటల నుంచి మన చిత్తూరు ఎం.బి.శ్రీనివాసన్ దాకా

చంద్రగిరి నుంచి మాట్లాడుతున్నా. ఈసారి ఎపిసోడ్ కొంచెం పొడుగు, కానీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సిన విషయం. చదివేవాళ్ళయితే మధ్యలో ఆగి, నేను చెప్పింది గొంతుతో చేసి చూడండి. అప్పుడే అర్థమవుతుంది.

ముందు చిన్న సంగతి. మా ఇంటి దగ్గర మేం నలుగురం కలిసి పాడతాం. కాలేజీ పిల్లలు ఇద్దరు, నేను, మా పిన్ని కూతురు. పాత అమెరికన్ స్వింగ్ పాటల పద్ధతిలో, అంటే నలుగురూ ఒకే పాట, కానీ ఒక్కొక్కరు ఒక్కో స్వరంలో. పోయిన నెల ఒక చిన్న వీడియో తీసి ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టాం. అందరూ బాగుందన్నారు. మా పిన్ని కూతురికి మాత్రం ఒకటే మెసేజ్, నాలుగైదుసార్లు వచ్చింది: "నువ్వు పాడినట్టే లేదే, నీ గొంతు వినపడలేదే?"

ఆ పాప మరుసటి రోజు రాలేదు. అడిగితే, "నేను లేకపోయినా మీకేం తేడా రాదు కదన్నా" అనింది.

ఈ ఎపిసోడ్ ఆ మాటకి జవాబు.

క్లోజ్ హార్మనీ అంటే ఏంది?

మనం కలిసి పాడటం కొత్తేం కాదు. మా పక్కనే శ్రీనివాస మంగాపురం. అక్కడి నుంచి శ్రీవారి మెట్టు దారిలో కొండెక్కేవాళ్ళు గోవింద నామాలు చెప్తా పోతుంటారు. ఊళ్ళో చెక్క భజన ఉంది, పండరి భజన ఉంది, కోలాటం ఉంది. ఒకరు అందిస్తే మిగిలినవాళ్ళు అందుకుంటారు. కానీ గమనించండి, పదిమంది పాడినా, వందమంది పాడినా, అందరిదీ ఒకటే స్వరం. మగవాళ్ళు కింది స్థాయిలో, ఆడవాళ్ళు పై స్థాయిలో పాడొచ్చు, అంతే తేడా. దారి ఒకటే.

హార్మనీలో దారులు వేరు. ఒకరు "స" పట్టుకుంటే, అదే క్షణంలో ఇంకొకరు "గ", మూడోవాళ్ళు "ప". మాట ఒకటే, లయ ఒకటే, స్వరాలు మూడు. ఈ స్వరాలన్నీ ఒక స్థాయిలోపలే, దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉంటే దాన్ని క్లోజ్ హార్మనీ అంటారు. దగ్గరగా ఉండటం వల్లే వినేవాడికి ముగ్గురు పాడుతున్నట్టు అనిపించదు. ఒకే గొంతు వెడల్పయినట్టు అనిపిస్తుంది.

దీంట్లో లెక్క కూడా ఉంది. "స" సెకనుకి 240 సార్లు కంపిస్తుందనుకోండి. అంతర గాంధారం 300, పంచమం 360. అంటే 4:5:6. ఇంత సులువైన నిష్పత్తి కాబట్టే చెవికి కలిసిపోయినట్టు ఉంటుంది. ఇప్పుడు ఇద్దరు ఒకే "స" పాడాలనుకుని ఒకరు 240, ఇంకొకరు 244 దగ్గర పాడారనుకోండి, సెకనుకి నాలుగుసార్లు శబ్దం పెరిగి తగ్గినట్టు అలలు అలలుగా వినిపిస్తుంది. శ్రుతి కలవలేదని చెవి చెప్పడం అంటే అదే.

"ఇదంతా తెల్లవాళ్ళ సంగీతం కదా" అనేవాళ్ళకి ఒక మాట. తంబురా పక్కన కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోండి. మీటేది స, ప మాత్రమే. కాసేపటికి ఎవరూ మీటని గాంధారం సన్నగా వినిపిస్తుంది. దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. తీగ కంపించేటప్పుడు దానికి అయిదు రెట్లు వేగంలో పుట్టే ఉపస్వరం అది. స, గ, ప మూడూ అక్కడే ఉన్నాయి. మన పెద్దలు దాన్ని విన్నారు, పేరు పెట్టారు. దాని మీద మూడు గొంతులు నిలబెట్టలేదు, అంతే.

ఎందుకు నిలబెట్టలేదు?

ఎందుకంటే మన సంగీతం వేరే దారిలో లోతుకు పోయింది. కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట నిలబడదు, ఊగుతుంది, జారుతుంది. అదే గమకం. ఒక గొంతు గాంధారాన్ని ఊపుతూ ఉంటే, పక్క గొంతు దానికి నిష్పత్తి తప్పకుండా ఇంకో స్వరంలో నిలబడటం చాలా కష్టం. గమకం కావాలంటే హార్మనీ వదులుకోవాలి, హార్మనీ కావాలంటే స్వరాన్ని కదలకుండా పట్టుకోవాలి. ఎక్కువ తక్కువల మాట కాదిది, ఎవరు ఏది ఎంచుకున్నారన్న మాట.

దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది, చంద్రగిరితో ముడి కూడా ఉంది. 1639లో మద్రాసు స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చింది చంద్రగిరి రాజుల కింద ఉన్న దామెర్ల నాయకుడు. అక్కడ ఇంగ్లీషువాళ్ళు కోట కట్టుకున్నారు. కోటతోపాటు వాళ్ళ బ్యాండు వచ్చింది. తర్వాత ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు పక్కన మణలిలో ఉన్నప్పుడు ఆ బ్యాండు పాటలు విన్నారు. ఆ వరసలకి సంస్కృతంలో సాహిత్యం రాశారు. అవే నొట్టు స్వరాలు, 40కి దగ్గరగా ఉన్నాయి. సంగీతం క్లాసుకి పోయే పిల్లలు మీలో ఎవరైనా ఉంటే "శక్తి సహిత గణపతిం" నేర్చుకునే ఉంటారు, అది వీటిలోదే. గమకాలు లేని శంకరాభరణం స్వరాలు. దీక్షితులు వరసను తీసుకున్నారు, దాని చుట్టూ ఉండే హార్మనీని తీసుకోలేదు. కోటలో బ్యాండు వాయించే మిగతా స్వరాలు కోటలోనే ఉండిపోయాయి.

స్వింగ్ కాలం: మూడు అక్కచెల్లెళ్ళు, ఒక మైకు

ఇప్పుడు అమెరికా పోదాం. 1925 ప్రాంతంలో రికార్డింగులోకి మైకు వచ్చింది. అంతకు ముందు గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడాల్సి వచ్చేది. మైకు రాగానే మెల్లగా, గుసగుసగా పాడినా రికార్డులో పడింది. మూడు గొంతులు మెత్తగా కలిసిపోవడం రికార్డులో కుదిరింది అప్పుడే.

న్యూ ఆర్లీన్స్‌లో బాస్వెల్ సిస్టర్స్ అని ముగ్గురు అక్కచెల్లెళ్ళు: మార్తా, కానీ, వెట్. 1930ల మొదట్లో వాళ్ళ రికార్డులు వింటే ఇప్పటికీ ఆశ్చర్యమే. పాట మధ్యలో వేగం మార్చేస్తారు, మాటల్ని విరిచేస్తారు, ముగ్గురూ ఒక్క మనిషిలా మలుపు తిరుగుతారు. కానీ బాస్వెల్ చిన్నప్పటి నుంచి నడవలేదు, చక్రాల కుర్చీలోనే ఉండి పాడింది. జాజ్‌లో పెద్ద పేరు ఎల్లా ఫిట్జెరాల్డ్, తాను మొదట్లో ఆమెలా పాడాలని ప్రయత్నించానని చెప్పింది.

అదే కాలంలో మిల్స్ బ్రదర్స్, ఒహాయో రాష్ట్రంలోని పిక్వా ఊరి నల్లజాతి అన్నదమ్ములు నలుగురు. వాళ్ళ పాటలో ట్రంపెట్ వినిపిస్తుంది, ట్యూబా వినిపిస్తుంది. అవన్నీ నోటితోనే. చేతిలో ఉన్నది ఒక్క గిటార్. జనం నమ్మరని, గిటార్ తప్ప వేరే వాద్యం వాడలేదని రికార్డు మీదే అచ్చు వేశారు.

వాళ్ళ తర్వాత ఆండ్రూస్ సిస్టర్స్. వీళ్ళు చిన్నప్పుడు బాస్వెల్ సిస్టర్స్ పాటలు విని అలాగే పాడుతూ పెరిగారు. 1937లో ఒక యిడ్డిష్ నాటకం పాటను ఇంగ్లీషులో పాడి పెద్ద పేరు తెచ్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల ముందు ఎన్నో కచేరీలు చేశారు.

మరి స్వింగ్ అంటే?

అది లయ సంగతి. ఒక దెబ్బను సగానికి పంచితే "తక, తక, తక". రెండూ సమానం. స్వింగ్‌లో సమానంగా పంచరు. దెబ్బను మూడు ముక్కలు చేస్తారు, "తకిట". మొదటి రెండు ముక్కలు కలిపేసి పట్టుకుంటారు, మూడోది పొట్టిగా వదులుతారు: "తా..ట, తా..ట". మన తిశ్ర నడకలో మధ్య అక్షరం మింగేస్తే ఎట్లుంటుందో అట్లాగ. దానికి తోడు చప్పట్లు ఒకటి, మూడు మీద కాకుండా రెండు, నాలుగు మీద పడతాయి. ఇప్పుడే కొట్టి చూడండి. మొదట చెయ్యి తప్పుతుంది. రెండు నిమిషాలకి మెడ తనంతట తనే ఊగుతుంది.

ఎందుకు పోయింది, ఎట్లా తిరిగొచ్చింది?

యుద్ధం తర్వాత పదిహేను ఇరవై మంది ఉండే పెద్ద బ్యాండ్లను పోషించడం కష్టమైంది. దానికి ముందే ఇంకోటి జరిగింది. 1942 ఆగస్టులో అమెరికా వాద్యకారుల సంఘం సమ్మె కట్టింది: రికార్డులు అమ్ముడుపోతున్నాయి, రేడియోలో మోగుతున్నాయి, వాయించినవాడికి అందులో వాటా లేదు, కాబట్టి రికార్డింగుకి వాయించం అన్నారు. పెద్ద కంపెనీలు దిగిరావడానికి 1944 దాకా పట్టింది. గాయకులు ఆ సంఘంలో లేరు. అందుకని కంపెనీలు వాద్యాలు లేకుండా, వెనక గాయక బృందాన్ని పెట్టి రికార్డులు చేశాయి. ఫ్రాంక్ సినాట్రా 1943లో అట్లాగే పాడాడు. బ్యాండు వెనక్కి పోయి గాయకుడు ముందుకు రావడానికి ఇది కూడా ఒక కారణం అంటారు. ఈ సమ్మెను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

తర్వాత రాక్ అండ్ రోల్ వచ్చింది, ఈ పాటలు పాతబడిపోయాయి. కానీ పూర్తిగా పోలేదు. 1970లలో న్యూయార్క్‌లో మన్‌హట్టన్ ట్రాన్స్‌ఫర్ అనే నలుగురి బృందం స్వింగ్ పాటల్ని మళ్ళీ పైకి తెచ్చింది. 2004లో లండన్‌లో పుప్పీని సిస్టర్స్ మొదలయ్యారు. ఒక ఫ్రెంచ్ యానిమేషన్ సినిమాలో ముగ్గురు ముసలి గాయనులని చూసి, ఇట్లా మేమెందుకు పాడకూడదు అనుకున్నారంట. పాత పాటల్ని పాడారు, కొత్త పాటల్ని కూడా పాత పద్ధతిలో పాడారు.

మన దేశానికి స్వింగ్ అప్పుడే వచ్చింది. 1930లలో బొంబాయి తాజ్ హోటల్లో అమెరికా నల్లజాతి సంగీతకారుల బ్యాండ్లు వాయించాయి. వాళ్ళ పక్కన వాయించి నేర్చుకున్న గోవా వాద్యకారులు తర్వాత హిందీ సినిమా స్టూడియోల్లోకి పోయారు. సి.రామచంద్ర సంగీతంలో 1951 "అల్బేలా" పాటలు వినండి, ఆ ఊపు తెలుస్తుంది. అట్లా స్వింగ్ లయ సినిమా పాటలోకి దూరింది. హార్మనీతో కలిసి పాడే బృందం మాత్రం రాలేదు. సినిమాలో ఒక హీరో గొంతు, ఒక హీరోయిన్ గొంతు, వెనక పేరు లేని కోరస్.

చిత్తూరులో పుట్టినాయన

ఇక్కడ మన ఊళ్ళ మనిషి వస్తాడు. ఎం.బి.శ్రీనివాసన్. 1925లో చిత్తూరులో పుట్టాడు. అవును, మనం ఇక్కడ బస్సెక్కి దిగే చిత్తూరే. తమిళ కుటుంబం, చదువు మద్రాసులో. విద్యార్థి రోజుల నుంచే వామపక్ష ఉద్యమంలో తిరిగాడు. పెళ్ళి చేసుకున్నది జాహిదాను, జలియన్‌వాలాబాగ్ రోజుల్లో అరెస్టయిన పంజాబ్ నాయకుడు సైఫుద్దీన్ కిచ్లూ కూతురు.

సినిమా సంగీతంలో ఆయన పేరు ఎక్కువ మలయాళంలో. మీకు తెలిసిన ఒక్క సంగతి చెప్తే చాలు: కె.జె.యేసుదాస్ గారి మొట్టమొదటి సినిమా పాట ఈయన సంగీతంలోనే. 1961 నవంబరులో రికార్డు చేశారు, సినిమా "కాల్పాడుగళ్". నారాయణ గురు రాసిన నాలుగు వాక్యాలు, కులభేదం మతద్వేషం వద్దని చెప్పేవి. అడూర్ గోపాలకృష్ణన్ "స్వయంవరం", "ఎలిప్పత్తాయం" సినిమాలకి సంగీతం కూడా ఈయనదే.

ఇందాక అమెరికా వాద్యకారుల సమ్మె చెప్పాను కదా. మద్రాసు సినిమా వాద్యకారులకి సంఘం కట్టడంలో ముందు నిలబడింది శ్రీనివాసన్ గారే. తెర వెనక వాయించేవాళ్ళకి కూడా హక్కులుంటాయని పట్టుబట్టిన మనిషి. అదే మనిషి 1970ల మొదట్లో మద్రాస్ యూత్ కాయర్ పెట్టాడు. ఈ రెండు పనులకి సంబంధం ఉందని నాకనిపిస్తుంది. సంఘంలో పేరు లేని వాద్యకారుడిని లెక్కలోకి తెచ్చాడు. కాయర్‌లో పేరు లేని కోరస్‌ని ముందుకి తెచ్చి నిలబెట్టాడు. అక్కడ హీరో గొంతు లేదు, కోరస్సే పాట.

ఆ బృందం భారతీయార్ కవితలు పాడింది, రకరకాల భారతీయ భాషల్లో పాడింది. ఆయన పాశ్చాత్య పాటల్ని దించలేదు. మన భాషల కవిత్వాన్ని, మన వరసల్ని తీసుకుని వాటి చుట్టూ వేరే వేరే గొంతుల దారులు వేశాడు. దీక్షితుల కాలంలో కోటలో ఉండిపోయిన ఆ మిగతా స్వరాల్ని బయటికి తెచ్చి మన పాటకి జోడించాడు అనుకోవచ్చు. ఇది జాజ్ కాదు, స్వింగ్ కాదు. కానీ పని అదే: నా గొంతు నాకు వినపడాలి, పక్కవాడి గొంతు అంతకన్నా బాగా వినపడాలి.

1988 మార్చిలో సంగీత కార్యక్రమం కోసం లక్షద్వీప్ పోయినప్పుడు అక్కడే చనిపోయాడు. అరవై రెండేళ్ళు. చిత్తూరు జిల్లా సంగీతం అంటే మనకి గుర్తొచ్చే పేర్లలో ఈయన పేరు ఉండదు. మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు, నాకే ఈ మధ్య తెలిసింది.

మీరే చేసి చూడండి

ముగ్గురు చాలు. ఒక ఫోన్‌లో తంబురా యాప్ పెట్టండి, అందరికీ కుదిరే శ్రుతి ఎంచుకోండి. శంకరాభరణం స్వరాలు.

మొదటి మెట్టు: ఒకరు స, ఒకరు గ, ఒకరు ప. "ఆ" అని పట్టుకోండి. గమకం వద్దు, ఊపు వద్దు. అలలు ఆగేదాకా సర్దుకోండి.

రెండో మెట్టు: స కదలదు. గ పాడేవాళ్ళు మకి, ప పాడేవాళ్ళు దకి జరగండి. ఇప్పుడు స, మ, ద.

మూడో మెట్టు: మళ్ళీ స, గ, ప కి రండి. ఈసారి ప కదలదు. గ పాడేవాళ్ళు రికి, స పాడేవాళ్ళు కింది నికి దిగండి. ని, రి, ప. మళ్ళీ ఇంటికి, స, గ, ప.

ఈ మూడు గుంపులతోనే ఎన్నో స్వింగ్ పాటలకి పునాది. గమనించారా, ఎవరూ ఒక స్వరం దాటి దూకలేదు. పక్క మెట్టుకే జరిగారు.

రికార్డింగుకి: ఫోన్‌ని మధ్యలో పెట్టి చుట్టూ లోపలికి తిరిగి నిలబడండి. గట్టి గొంతు ఒక అడుగు వెనక్కి, మెత్తటి గొంతు ఒక అడుగు ముందుకి. బాస్వెల్ సిస్టర్స్ కాలంలో మిక్సింగ్ అంటే అంతే, కాళ్ళతో చేసేదే. వాట్సాప్ కాల్‌లో కలిసి పాడాలని చూడకండి, శబ్దం ఆలస్యంగా చేరుతుంది, లయ కుదరదు. ఒకే గదిలోకి రావాల్సిందే.

ఇక మా పిన్ని కూతురి సంగతి. తను పాడేది మధ్య గొంతు, అంటే గాంధారం. పై గొంతులో వరస ఉంటుంది కాబట్టి అది అందరికీ తెలుస్తుంది. కింది గొంతు బరువుగా ఉంటుంది కాబట్టి అదీ తెలుస్తుంది. మధ్యది ఎవరి చెవికీ విడిగా తగలదు. కానీ స, ప రెండే ఉంటే అది సంతోషమో దుఃఖమో చెప్పలేం. అంతర గాంధారం పెడితే వెలుగు, సాధారణ గాంధారం పెడితే విచారం. పాట రంగు తేల్చేది ఆ ఒక్క స్వరమే.

ఇది తనకి మాటల్లో చెప్తే నమ్మలేదు. అందుకని ముగ్గురం, తను లేకుండా, అదే పాట రికార్డు చేసి పంపించాం. కింద ఏమీ రాయలేదు. సాయంత్రం తనే వచ్చింది. "ఏందన్నా, ఖాళీ పాత్ర కొట్టినట్టుంది" అనింది. మేం నవ్వాం. తను నవ్వలేదు, ఫోన్ మధ్యలో పెట్టి, "నేను ఒక అడుగు ముందుకి నిలబడతా" అనింది.

ఆ రికార్డింగు రెండూ, తను లేనిదీ ఉన్నదీ, ఈ ఎపిసోడ్ చివర్లో ఒకదాని తర్వాత ఒకటి పెట్టాం. తను ఒప్పుకుంటేనే పెట్టాం. ఇయర్‌ఫోన్స్‌తో వినండి, మధ్యలో ఏం మారిందో వెతకండి.

వచ్చే ఎపిసోడ్‌లో చెక్క భజన నడకలు. చెక్కలు మా దగ్గర ఉన్నాయి, వాయించేవాళ్ళు కూడా వస్తామన్నారు. ఉంటాను.